గొట్టాల గూట్లో మూడు దెబ్బలు

ఆదివారం మధ్యాహ్నం, కడుపు నిండా తిన్నాక, మగవాడు చెయ్యాల్సిన పని ఒక్కటే. పడుకోవడం. ఆ పనేదో మన బావ బుద్ధిగా చేసి ఉంటే ఈ కథే లేదు.

బావకి అసలు పేరు ఒకటుంది గానీ, ఆ ఇంట్లో దాని వాడకం ఎప్పుడో పోయింది. పెళ్ళినాటికి ఏడేళ్ళున్న మరదలు ‘బావా’ అని మొదలుపెట్టింది. పన్నెండేళ్ళయినా ఆపలేదు. కట్టుకున్న ఇల్లాలు కూడా కోపమొస్తే ‘బావగారూ’ అని సాగదీస్తుంది. ఆ మరదలు ఇప్పుడు చదువుకోసమని అక్క ఇంట్లోనే ఉంటోంది. పేరు పిడుగు. అదీ అసలు పేరు కాదు. ఆ పిల్ల పనులు చూసి అక్క పెట్టింది. టీలో ఉప్పు కలపడం, చెప్పుల్లో తడి దూది కుక్కడం ఆ పిల్లకి చిన్న చిన్న ముచ్చట్లు. బావ కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు బిగిస్తాడు. ఒకరోజు పిడుగు అక్కడికి ఫోన్ చేసి, ముసలమ్మ గొంతు పెట్టి, “నాయనా, నువ్విచ్చిన కళ్ళజోడు పెట్టుకుంటే మా ఆయన అందంగా కనపడుతున్నాడు, వెంటనే మార్చి ఇవ్వు” అంది. బావ అరగంట సేపు అద్దాల పవరు గురించి ఆవిడకి వివరించాడు. అదీ వాళ్ళిద్దరి వరస.

ఆ మధ్యాహ్నం ఇల్లాలు గిన్నెలు కడుగుతుంటే కొళాయి దగ్గింది. రెండోసారి గొంతు సవరించుకుంది. ధార కాస్తా దారమైంది. దారం తెగిపోయింది. బాత్రూంలోకి వెళ్ళి చూస్తే గోడ చెమర్చి ఉంది. చెవి ఆనించి వింటే లోపల ఎక్కడో నీళ్ళు గోడ వెంట పాకుతున్న చప్పుడు.

పక్క వీధిలోంచి పానా తాత వచ్చాడు. యాభై ఏళ్ళుగా ఆ చుట్టుపక్కల గొట్టాలన్నీ బాగుచేసింది ఆయనే. ఎడం చేతిలో పానా లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు లేరు. బాత్రూం గోడకి, నేలకి జానెడు ఎత్తున, మనిషి వంగి దూరేటంత ఇనప తలుపు ఒకటుంది. తాత దాని గడియ లాగాడు. నాలుగంతస్తుల ఇంటికీ నీళ్ళు తెచ్చే గొట్టాలు, మురుగు తీసుకుపోయే గొట్టాలు అన్నీ ఆ సందులోనే నిలువునా దిగుతాయి. రెండడుగుల వెడల్పు. అటూ ఇటూ సిమెంటు గోడ. అడుగు పెట్టడానికి గోడలోకి దిగ్గొట్టిన ఇనప కమ్మీలు. పైన ఎక్కడో నాణెమంత వెలుతురు. కింద ఏమీ లేదు. చీకటి మాత్రం ఉంది, నిండుగా. పిడుగు దానికి గొట్టాల గూడు అని పేరు పెట్టేసింది.

తాత తల లోపలికి పెట్టి, గొట్టం మీద అరచెయ్యి ఆనించి, నాడి చూసే వైద్యుడిలా కళ్ళు మూసుకున్నాడు.

“ఇదిగో, మనిషి లోతున గొట్టాల్ని కలిపే కప్లింగు పగిలింది. పైన ట్యాంకు దగ్గర వాల్వు కట్టేశాను. కొత్త కప్లింగు తెచ్చి వేస్తే సరి. నేనొచ్చేదాకా ఎవరూ ఇందులో తల పెట్టకండి.”

“తల పెడితే ఏమవుతుంది తాతా?” అంది పిడుగు.

“గూట్లోకి మనిషి దిగే ముందు గొట్టం మీద మూడు దెబ్బలు కొట్టాలమ్మా. లోపలున్నానని పైన వాల్వు దగ్గరున్నవాడికి తెలియాలి. అప్పుడు వాడు వాల్వు ముట్టుకోడు. బయటికొచ్చాక మళ్ళీ మూడు కొట్టాలి. అంతటితో వాడి లెక్క తెగిపోయినట్టు. మా పనిలో ఇదే మాట, ఇదే రాత.”

“అబ్బో, నువ్వు గొట్టాలతో మాట్లాడతావన్నమాట.”

“మాట్లాడతాను. కానీ ఎవరి దెబ్బలు వాళ్ళే కొట్టుకోవాలి. ఒకడు కొట్టిన మూడుకి ఇంకొకడు మూడు కొట్టకూడదు. కొడితే వాడు బయటికొచ్చేసినట్టు, వీడు లోపల ఉన్నట్టు.”

“అలా కొడితే?”

తాత పానాని సంచిలో పెట్టబోయి, మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. “ఆదివారం కదా, సామాన్ల కొట్టు తీసి ఉందో లేదో” అని గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు.

అక్కడితో అందరూ ఎవరి పనుల్లోకి వాళ్ళు పోవాలి. కానీ పిడుగు ఇనప తలుపు ముందు గొంతుక్కూర్చుని, లోపలికి చూసి, బావ వైపు చూసి, పెదవి విరిచింది.

“మనిషి లోతేగా. నువ్వు కూడా విప్పగలవనుకో బావా. కానీ ఇది కళ్ళజోడు మర కాదు కదా, కళ్ళకి కనపడుతుంది. నీకు అలవాటుండదు.”

“తాత వచ్చేలోగా ఆ పగిలిన ముక్క విప్పి ఆయన చేతిలో పెడతాను చూడు.”

“పెట్టావంటే నెల రోజులు నీ చొక్కాలన్నీ నేనే ఇస్త్రీ చేస్తా.”

“కాలుస్తావా, ఇస్త్రీ చేస్తావా?”

“ముందు నువ్వు దిగు, తరవాత మాట్లాడదాం” అని నవ్వుతూ, పక్కింటి నుంచి తాగే నీళ్ళు తేవడానికి బకెట్టు పట్టుకుని వెళ్ళిపోయింది. ఇల్లాలు వంటింట్లోంచి, “ఏవండోయ్, అడుసు తొక్కనేల, కాలు కడగనేల! పైగా కడగడానికి నీళ్ళు కూడా లేవు!” అని కేకేసింది. బావ వినలేదు. పంతానికి చెవులుండవు.

తాత వదిలి వెళ్ళిన సంచిలోంచి బావ చిన్న పానా ఒకటి తీసుకున్నాడు. ఫోను లైటు వేసి జేబులో నిలబెట్టాడు. వెనక్కి తిరిగి కాళ్ళు ముందు లోపల పెట్టి, ఒక్కో కమ్మీ దిగాడు. మూడు దెబ్బలు కొట్టాలన్న సంగతి గుర్తుంది. కానీ కొడితే తాత వచ్చాక తెలిసిపోతుందని కొట్టలేదు. దొంగతనంగా పని చేసి, దొరలా చూపించాలని అతని ఊహ.

లోపల చల్లగా ఉంది. పాత సబ్బు వాసన, తడి ఇనుము వాసన. వాటి కింద ఇంకో వాసన. ఎన్నాళ్ళో ముడుచుకుని ఉన్న తడిబట్ట విప్పితే వచ్చేలాంటిది. తలపైన తెరిచిన తలుపులోంచి బాత్రూం వెలుతురు చతురస్రంగా పడుతోంది. పగిలిన కప్లింగు మోకాళ్ళ దగ్గర ఉంది. వంగి పానా తగిలించాడు. కదిలింది కూడా. ‘ఇంతేనా’ అనుకున్నాడు.

ఠంగ్.

గొట్టం అతని వేళ్ళకింద వణికింది.

ఠంగ్. ఠంగ్.

బావ గుండె జారింది. దెయ్యం అనుకుని కాదు, తాత అనుకుని. ముసలాయన ఎప్పుడొచ్చాడు? తిన్నగా ట్యాంకు దగ్గరికే వెళ్ళినట్టున్నాడు. లోపల ఎవరైనా ఉన్నారేమోనని అడుగుతున్నాడు కాబోలు. దిగొద్దన్నా దిగానని తెలిస్తే పిడుగు ముందు పరువు పోతుంది. ఏం చెప్పాలి? బయటే ఉన్నానని చెప్పాలి. బయటికొస్తే ఎన్ని దెబ్బలు? మూడు.

పానా ఎత్తి కొట్టాడు. ఒకటి. రెండు. మూడు.

చిన్న అబద్ధం. ఇంట్లో రోజూ ఆడేలాంటిదే.

దెబ్బల మోత కిందికి పోయింది. పోతూనే ఉంది. కింద ఉన్నది రెండంతస్తులే, ఎంత లోతుంటుంది? ఆ మోత అంతకంటే చాలా దూరం పోయింది. ఆగింది. అప్పుడు తట్టింది బావకి. ఆ మూడు దెబ్బలూ పైనుంచి రాలేదు. వణుకు ముందు అతని పాదాలకి తెలిసింది, తరవాతే చేతులకి.

కింద కమ్మీ చప్పుడైంది. ఇంకో కమ్మీ.

ఎవరో ఎక్కుతున్నారు.

బావ వంగి ఫోను లైటు కిందికి తిప్పబోయాడు. ఫోను జేబులోంచి జారింది. వెలుతురు గిర్రున తిరుగుతూ కిందికి పోయింది. చిన్న చుక్కయ్యింది. పడిన చప్పుడు మాత్రం రాలేదు.

తడిబట్ట అతని కాళ్ళకి రాసుకుంది. మోకాలి మీద పాదం పడింది. చల్లటి పాదం. తొందరేమీ లేదు దానికి. తొడ మీద... నడుం మీద... భుజం మీద... అతన్ని నిచ్చెనని చేసుకుని పైకి పోయింది. ముఖం మీద నీళ్ళు కారాయి. వెలుతురు చతురస్రంలో ఒక వీపు అడ్డొచ్చింది. తరవాత ఆ వెలుతురు సన్నబడింది. సన్నబడి, గీతయ్యి, పోయింది.

గడియ పడింది.

“అయిపోయిందా?” తలుపవతల ఇల్లాలి గొంతు. “అయ్యయ్యో, నిలువెల్లా తడిసిపోయారు! చెప్తే వింటారా? ఇదిగో టవలు.”

నీళ్ళు నేలమీద పడుతున్న చప్పుడు.

“ఏంటలా చూస్తారు, నన్నెప్పుడూ చూడనట్టు?” అని ఆమె నవ్వింది.

బావ అరిచాడు. గొంతు చిరిగేలా అరిచాడు.

“వింటున్నారా? గొట్టం మళ్ళీ గుడగుడమంటోంది” అంది ఆమె. “రండి, హాల్లో కూర్చోండి. టీ పెడతాను.”

అడుగులు దూరమయ్యాయి. రెండు పొడివి. రెండు తడివి.

రెండు కమ్మీలెక్కి ఇనప తలుపుని పిడికిలితో గుద్దాడు. దూది మీద గుద్దినట్టుంది. భుజంతో తోశాడు. అది తలుపులా లేదు, గోడకి గీసిన బొమ్మలా ఉంది. సరే, ఇది కాకపోతే పై ఇంటిది. కమ్మీలు పట్టుకుని ఎక్కడం మొదలుపెట్టాడు. పది. పదిహేను. ఇరవై. చేతికి ఇనప తలుపు తగిలింది. మూడో అంతస్తు వాళ్ళది. మంచివాళ్ళు. ఆదివారం ఇంట్లోనే ఉంటారు. చెవి ఆనించాడు.

“టీలో చక్కెర సరిపోయిందా? ఏం, మాట్లాడరేం?” ఇల్లాలి గొంతు.

మళ్ళీ ఎక్కాడు. చేతులు మంటలు పుట్టేదాకా ఎక్కాడు. నాణెమంత వెలుతురు నాణెమంతే ఉంది. ఇంకో తలుపు తగిలింది.

“నిశ్శబ్దంగా ఉంటే కూడా బాగానే ఉన్నారు. రోజూ ఇలాగే ఉండండి” అంటోంది ఇల్లాలు.

బావ అక్కడే కమ్మీ మీద కూలబడ్డాడు. కూలబడ్డానికి కూడా చోటు లేదు. ముందు గోడ రొమ్ముకి, వెనక గోడ వీపుకి. ఊపిరి తీస్తే రెండూ తగులుతున్నాయి. ఇందాక తగల్లేదే...

అప్పుడు మెల్లగా, ఒక్కో మరా బిగించుకున్నట్టు, ఆలోచన బిగిసింది. అది మూడు కొట్టింది. నేను బదులు కొట్టాను. అది బయటికి పోయింది. నేను లోపల మిగిలాను. తాత చెప్పిన లెక్క ఇదే. ఇప్పుడు నా గొంతు బయటికి పోదు, నా పిడికిలి బయటికి పోదు. బయటికి పోయేది ఒక్కటే.

పానా ఇంకా చేతిలోనే ఉంది.

మూడు కొడితే, ఎవరో ఒకరు, ఏమీ తెలియకుండా, అలవాటుగా మూడు తిరిగి కొడితే...

ఆ ఆశ ఎంత తియ్యగా ఉందంటే, దాని చివర ఏముందో అతను వెంటనే చూడలేదు.

తలుపవతల అడుగుల చప్పుడు. తేలికైన అడుగులు, ఒకటి వేగంగా, ఒకటి ఆగి. పిడుగు. ఇనప తలుపు ముందు గొంతుక్కూర్చున్నట్టుంది. గొంతు బాగా తగ్గించి మాట్లాడింది.

“బావా... పిచ్చిదాన్ననుకోకు. హాల్లో నువ్వు టవలు కప్పుకుని కూర్చున్నావు. నేనెళ్ళి, ఇస్త్రీ చెయ్యనుపో, నీ చొక్కాలన్నీ తగలబెడతా అన్నాను. కోప్పడలేదు. నవ్వలేదు. నా మొహం వంక... దేన్నో లెక్కపెడుతున్నట్టు చూశావు. నీ టీలో గుప్పెడు ఉప్పు వేశాను. మొత్తం తాగేశావు.”

బావ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పన్నెండేళ్ళుగా అతన్ని ఏడిపించిన పిల్ల. కట్టుకున్న ఇల్లాలు పోల్చుకోలేకపోయింది. ఈ పిల్ల ఒక్క ఉప్పు టీతో పోల్చుకుంది.

“గడియ రావట్లేదు బావా, బిగుసుకుపోయింది. లోపలున్నావా? ఉంటే మూడు కొట్టు. నేనూ మూడు కొట్టి, విన్నానని చెప్తా. తరవాత తలుపు పగలగొట్టయినా తీస్తా.”

పానా పైకి లేచింది. చెయ్యి తనంతట తనే లేపింది. గొట్టానికి బెత్తెడు దూరంలో ఆగింది.

నేను మూడు కొడతాను. పిడుగు మూడు కొడుతుంది.

నేను బయట. పిడుగు...

గోడలు ఇంకాస్త దగ్గరికొచ్చాయి. ఊపిరి సగమే లోపలికి పోతోంది. చెయ్యి వణికి, పానా ఎక్కడ గొట్టానికి తగులుతుందోనని బావ దాన్ని వదిలేశాడు. అది కిందికి పోయింది, ఫోను పోయినట్టే, చప్పుడు లేకుండా. తరవాత రెండు చేతులతో గొట్టాన్ని గట్టిగా పట్టుకున్నాడు. నీళ్ళ గొట్టం, మంచులా ఉంది. దానికి నుదురు ఆనించి, పళ్ళు బిగించి, కదలకుండా పట్టుకున్నాడు. మోగకు. మోగకు.

“బావా?”

మోగలేదు.

“ఒక్కటైనా కొట్టు...”

మోగలేదు.

చాలాసేపటికి అవతల బట్టలు సవరించుకున్న చప్పుడు. “నాకే మతిపోయింది” అని తనని తనే తిట్టుకుంది పిడుగు. గొంతు బొంగురుగా ఉంది. “హాల్లో బావని పెట్టుకుని గోడతో మాట్లాడుతున్నాను.” లేచింది. రెండడుగులు వేసింది. పో తల్లీ, పో. ఈ జన్మకి నాకు ఇస్త్రీ చొక్కాలొద్దు. నువ్వు పో.

ఠంగ్.

అతని కింద. బాగా కింద.

ఠంగ్.

గొట్టాన్ని ఇంకా గట్టిగా బిగించాడు. చేతుల్లోంచే మోత పైకి పోయింది.

ఠంగ్.

అడుగులు ఆగాయి. “ఉన్నావా!” పిడుగు గొంతులో ఎంత సంతోషం! “ఉన్నావు బావా! నాకు తెలుసు!”

“వద్దు! నేను కాదు! కొట్టకే!” బావ అరిచాడు. బయట గొట్టం గుడగుడమని ఉంటుంది. చేతులతో గొట్టాన్ని ఇష్టమొచ్చినట్టు బాదాడు. నాలుగు, ఏడు, పదకొండు, లెక్క చెడగొట్టాలని, లెక్కే లేకుండా చెయ్యాలని. ఉత్తి చేతులు. చప్పుడు రాలేదు.

అవతల చెంబో, బకెట్టు పిడో, ఇనుము ఇనుముకి తగిలింది.

ఒకటి.

కింద కమ్మీ కదిలింది.

రెండు.

తడిబట్ట వాసన ముఖానికి కొట్టింది.

మూడు.

ఈసారి బావ నిచ్చెన కాలేదు. చీకట్లో రెండు చేతులూ చాచి పట్టుకున్నాడు. సన్నటి చీలమండ దొరికింది. చల్లగా, జారుడుగా. వదల్లేదు. అది లాగింది. వదల్లేదు. గోళ్ళు విరుగుతున్నాయి. వదల్లేదు...

వెలుతురు!

తలుపు బార్లా తెరుచుకుంది. ఒక చెయ్యి అతని మణికట్టు పట్టుకుని ఈడ్చింది. బాత్రూం నేల మీద బోర్లా పడ్డాడు. దగ్గాడు. కళ్ళు తెరిచాడు. ఎదురుగా పిడుగు, జుట్టంతా తడిసి ముఖానికి అతుక్కుని, రొప్పుతూ కూర్చుంది. అతని చేతులు ఖాళీగా ఉన్నాయి.

“నువ్వు... నువ్వేనా?” అన్నాడు.

“కాదు, మా అక్క మొగుడి మరదల్ని” అంది పిడుగు. “తలుపు తీశానో లేదో నీళ్ళు తల మీదికి చిమ్మాయి. చూడు నా జుట్టు!”

బావ ఏడుస్తూ నవ్వాడు. ఆ మాట ఈ పిల్ల తప్ప ఎవరంటారు?

హాల్లోకి పరుగెత్తాడు. వీధి తలుపు తెరిచి ఉంది. కుర్చీలో తడి టవలు, ఖాళీ టీ గ్లాసు. వంటింట్లోంచి వచ్చిన ఇల్లాలు అతన్ని చూసి, “ఇప్పుడేగా ఇక్కడ కూర్చున్నారు? మళ్ళీ ఎప్పుడు దూరారు అందులో?” అని గడ్డం కింద చెయ్యి పెట్టుకుంది.

అప్పుడే పానా తాత వచ్చాడు, చేతిలో కొత్త కప్లింగుతో. బావ ముఖం చూశాడు. ఆయన ముఖంలో రక్తం దిగిపోయింది.

“కొట్టారా?”

“గొట్టం మీద దెబ్బలు వినిపిస్తే... మీరేననుకుని...”

తాత గుమ్మంలోనే నిలబడి, ఒక్కొక్కరినీ పానాతో చూపిస్తూ లెక్కపెట్టాడు. బావ. ఇల్లాలు. పిడుగు. “ఇంట్లో ఉండాల్సింది ఎందరు?”

“ముగ్గురమే.”

“హమ్మయ్య. లెక్క సరిపోయింది.”

తాత గూట్లోకి దిగలేదు. తలుపు దగ్గర బోర్లా పడుకుని, చెయ్యి చాచి, పొడుగు పానాతో కప్లింగు బిగించాడు. పైకెళ్ళి వాల్వు తిప్పాడు. కొళాయి రెండుసార్లు దగ్గి, ధార కట్టింది. గడియ వేసి, దానికి ఇనప తీగ చుట్టి, ముడేసి, వెళ్ళిపోయాడు.

ఇల్లాలు మళ్ళీ టీ కాచింది. అందరూ హాల్లో కూర్చున్నారు. కిటికీలోంచి సాయంత్రపు ఎండ వచ్చి కాళ్ళ మీద పడుతోంది. పిడుగు గ్లాసు తెచ్చి బావ ముందు పెట్టింది. తడిజుట్టు వెనక్కి తోసుకుని, ముద్దుగా నవ్వింది.

“తాగు అన్నయ్యా, చల్లారిపోతుంది.”

ఇల్లాలు పొట్ట పట్టుకుని నవ్వింది. “ఇదేం కొత్త వెక్కిరింపే? బావని పట్టుకుని అన్నయ్యంటావా? కళ్ళు పోతాయి!”

పిడుగు కూడా నవ్వింది. ఇల్లాలు నవ్వడం చూసి, తరవాత నవ్వింది. ఆమె ఆపాక, ఒక క్షణం చూసి, ఆపింది.

బావ గ్లాసు కింద పెట్టాడు. లేచాడు. బాత్రూం తలుపు వెనక్కి వేసుకున్నాడు. వేళ్ళు తెగుతున్నా ఇనప తీగ విప్పి, గడియ లాగాడు.

గూడు ఖాళీగా ఉంది. గొట్టాలు. కమ్మీలు. చీకటి.

“పిడుగా,” గుసగుసగా పిలిచాడు. “ఉన్నావా? ఉంటే కొట్టవే. మూడు కొట్టు. నేను బదులు కొడతాను. నేనొస్తాను, నువ్వు బయటికి రా...”

ఏ చప్పుడూ లేదు.

“ఒక్కటైనా కొట్టు తల్లీ...”

లేదు. లోపల ఎవరూ లేకపోతే ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో, అంత నిశ్శబ్దం. కానీ ఇందాక తను లోపలున్నప్పుడు కూడా, బయటికి ఇలాగే ఉండి ఉంటుంది కదా...

హాల్లోంచి “అన్నయ్యా” అన్న పిలుపు వినిపించింది.

బావ లోపలికి చెయ్యి చాచి నీళ్ళ గొట్టం మీద పెట్టాడు. మంచులా చల్లగా ఉంది. కాస్త కిందికి జరిపాడు. అక్కడా చల్లగానే ఉంది. ఇంకాస్త కిందికి, చెయ్యి అందినంత దూరం జరిపాడు.

అక్కడ, రెండు అరచేతుల మేర, గొట్టం వెచ్చగా ఉంది.